పెళ్లి చొక్కా విషయమై

అక్కయ్యకు,
కార్డులో ముందు క్షేమం, పిదప సంగతి రాయడం పద్ధతి గనుక, నేను క్షేమమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఇక సంగతి. కారు గుద్దిన నాటి నుంచి మెడ నొప్పితో తిరగడం లేదు, వేళ్లకు స్పర్శ రాలేదు. సూది దిగినా తెలియడం లేదు. గుడ్డ మీద ఎర్రటి మరక చూశాకే తెలుస్తోంది. పెద్ద డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకెత్తి చూసి, "మీకేం లేదండీ" అన్నారు.
"మరి ఈ నొప్పి ఎవరిదండీ?" అన్నాను.
"తర్వాతివాళ్లను పిలవమ్మా" అన్నారు, నర్సుతో.
నయమవుతుందన్న ఆశ నాకిక లేదు. మేనల్లుడి పెళ్లి చొక్కా మరో దర్జీకివ్వు. పిల్లవాడికి ఎడమ భుజం కాస్త పల్లమని చెప్పడం మరవకు. నీ మోకాలు ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు, పెళ్లికొడుక్కి ఆశీస్సులు.
ఆ చొక్కా బాగా కుదిరిందని నా ఎదుట ఎవరూ అనరాదు. వెనక అనుకోవచ్చు, మెడ ఎటూ తిరగదు. ఇదే తుది నిబంధన.
తమ్ముడు