వెలుగు మాట ఎత్తలేదు

ఏప్రిల్ 16, రాత్రి 9.30
వాకిట్లో గిన్నెలు తోముతుంటే ఒక్కసారిగా పట్టపగలైంది. పెద్ద చుక్క రాలింది. ఆకుపచ్చగా మండుతూ, మిర్యాలగూడ దిక్కుకు. నా నీడ గోడ మీద పరుగెత్తింది. కాసేపటికి ఉరిమినట్టు చప్పుడు. తలుపులు అదిరాయి. పక్కింటి రంగనాయకమ్మ అరవబోతే నోరు మూశాను. చుక్క రాలడం చూస్తే ఆ మాట పైకి అనకూడదని మా అత్త నియమం. అంటే కీడు ఇంటికొస్తుందట.

మా ఆయన దుర్గయ్య, మరిది లింగయ్య ఆ దిక్కునే ఉన్నారు. కోసిన వరి మళ్లలో గొర్రెల మంద పెట్టారు. ఫోన్ స్విచ్ఛాఫ్.

ఏప్రిల్ 17
నిద్ర లేదు. ఏడింటికి ఆయన ఫోన్ ఎత్తాడు. గొర్లు బెదిరినయ్, మళ్ల పండినయ్, నువ్వెందుకు పరేషాన్ అయితవే అని కసిరాడు. వెలుగు మాట ఎత్తలేదు. వాళ్లమ్మ నియమం మరవలేదని సంతోషపడ్డాను.

ఏప్రిల్ 18
సూర్యాపేటలో, కోదాడలో అందరూ చూశారని టీవీలో చెప్పారు. ఉల్క అట. మోకాళ్లు ఒకటే నొప్పి.

ఏప్రిల్ 20
లింగయ్య బియ్యం, కారం తీసుకుపోవడానికి వచ్చాడు. అన్నం తింటూ ఒకటే నవ్వు. వదినా, దేవుడే దిగిండనుకొని నేను గొంగట్ల దూరిన, అన్న మాత్రం అటే మొఖం పెట్టి బీడీ తాగుతుండు, జరసేపటికి ఏందిరా లింగా ఆ సప్పుడు, మబ్బు పట్టిందా అని నన్నే అడిగిండు, గంత ధైర్నం యాడిదే ఆయనకు అన్నాడు.

నేనూ నవ్వాను. కూర వడ్డించబోయి ఆగిపోయాను.

నియమం పాటించేవాడు నోరు మూసుకుంటాడు. మబ్బు పట్టిందా అని అడగడు.

ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు ఆయన కంచంలో కాలు పెట్టాడు. తాగొచ్చావని తిట్టాను. తాగలేదేమో.

ఏప్రిల్ 21
మూడు బస్సులు మారాను. ఆడవాళ్ల ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు ఉందో లేదోనని ముప్పైసార్లు చూసుకున్నాను. పొద్దుగూకుతుండగా మంద దగ్గరికి చేరాను. పలకకుండా ఆయన ఎదురుగా నిలబడ్డాను.

ఎవరదీ అన్నాడు.

పొలం ఒడ్డు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఏడాది సంది గింతేనట. పగలు మసక, పొద్దుగూకితే ఏం లేదట. గొర్లను అరుపుతోనే గుర్తుపడుత, సూర్యాపేటల ఉన్న నీ కొడుకుకు మాత్రం చెప్పకు, శ్రీనాథ్ గాడు మందను అమ్మేస్తడు, గొర్లు లేకుంటే నేను మంచంల పడి చస్త అన్నాడు. నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు.

ఏప్రిల్ 23
మిర్యాలగూడ కంటి దవాఖాన. ఎడమ కన్ను ఖతం. కుడి కంట్లో కొంచెం మిగిలిందట. రోజూ రెండు పూటలా మందు వెయ్యాలి, తప్పితే అదీ పోతుంది, ఇక మళ్ల వెంట తిరగొద్దు అన్నాడు డాక్టర్. మీరొచ్చి కాస్తరా సార్ నా గొర్లను అన్నాడీయన. సిగ్గుతో చచ్చాను.

ఏప్రిల్ 24
పొద్దున నేను లేచేసరికే మందను తోలుకుపోయాడు. మందు పడలేదు.

ఏప్రిల్ 25
ఒట్టు తప్పాను. శ్రీనాథ్ రేపు వస్తాడట. ఆయన నాతో మాట్లాడటం లేదు. సాయంత్రం మందు సీసా పట్టుకుని పక్కన కూర్చుంటే తల మాత్రం వెనక్కి వాల్చాడు.