గోడ మీది గొర్రెలకు గుర్తు

వికారాబాద్, శుక్రవారం

రుక్కమ్మకు,

నేను బాగున్నాను, మోకాలి నొప్పి తగ్గింది.

మన బిడ్డ నవనీత తన కూతురికి కొత్త గది సర్దింది. చిన్న మంచం, పుస్తకాల బల్ల, గోడ నిండా తెల్ల గొర్రెల బొమ్మలు. పిల్ల అందులో పడుకోనని ఏడ్చింది. ఎందుకంటే, "గివి ఎవరి గొర్లు తాతా? ఒక్కదానికి గూడ గుర్తు లేదు" అన్నది. నిజమే అనిపించి, మన మందకు వేసినట్టే అన్నిటి వీపుల మీద ఎర్రరంగు గీత వేశాను.

"నాయినా, గోడకు సున్నమేసి నాలుగు దినాలు గాలేదు" అని నవనీత నెత్తి పట్టుకుంది. పిల్ల పోయి ఆ మంచం మీద పడుకుంది.

ఈనిన గొర్రె మేత తింటున్నదా?

కిటికీ పక్క గొర్రెలు అమ్మమ్మవట, వాటికి వేరే గుర్తు కావాలంటున్నది పిల్ల. మీ నాయన మందకు ఏ గుర్తు ఉండేది? ఇన్నేళ్లలో నిన్ను అడగనే లేదు. కార్డు మీద గీయించి పంపు.

బీరప్ప దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

బీరన్న