కాపలావాణ్ణి కాపరి పని నుండి తప్పించమని

విశాఖపట్నం,
12-8-1983

గిడ్డంగుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: డ్యూటీలో ఉండి చర్చి నడుపుచున్నానన్న మెమోకు సంజాయిషీ, మరియు విడుదల కోరుట గురించి.

పాత ఉప్పు గిడ్డంగి కాపలాదారు పోలిరాజు, స్వగ్రామం పద్మనాభం, చేసుకొను మనవి ఏమనగా:

1. ఖాళీగానున్న సదరు గిడ్డంగిలో ఆదివారం ప్రార్థనకు పాస్టరు కనకరత్నం గారికి తమరే అనుమతి ఇచ్చియున్నారు. ఆయన కొత్తగా సంఘం స్థాపించుటకు గోదావరి జిల్లా నుండి వచ్చినవారు. తాళం తీయుట, వేయుట మాత్రమే నా విధి. మొదటి నెలలో వచ్చినవారు పదకొండుమంది. అందులో ఒకడు వానకు తలదాచుకున్నవాడు.

2. మార్చిలో పాస్టరు గారికి గొంతు పోయినది. మాట్లాడరాదని డాక్టరు చెప్పగా, ఊరికి పోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టినారు. "నేను వచ్చేదాకా ఒక్కరే వచ్చినా వేళకు మొదలుపెట్టండి. అందరి పేర్లు తెలుసుకోండి. రానివాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఎక్కువ మాట్లాడకండి" అని అందులో ఉన్నది. అది సంఘపెద్ద అర్జునరావుకు అందజేయమని ఆయన సైగ చేసినారట. నాకు తెలియలేదు. డ్యూటీ ఆర్డరనుకొన్నాను.

3. ఆ ప్రకారం తొమ్మిదికి తలుపు తీసి, మస్టరు పుస్తకములో హాజరు వేసినాను. రానివారి ఇళ్ళకు పోయి కారణం రాసుకున్నాను. చేపలమ్ముకునే పోతమ్మ గుమ్మంలోనే కూలబడి, "మా ఆయన పోయి ఏడాదైనాది. ఏటి పోతమ్మా, రానేదేటని అడిగినోడివి నువ్వే బావూ" అని ఏడ్చినది. కారణం అన్న గడిలో ఏమి రాయాలో తోచక ఖాళీగా వదిలినాను.

4. వాక్యం చెప్పుట నాకు రాదు. అర్జునరావు బైబిలులో ఒక పేజీ చదివేవాడు. తర్వాత నేను "ఎవులికేటి కష్టముంది?" అని అడిగేవాణ్ణి. చెప్పినది అందరం వినేవాళ్ళం. పదిన్నరకు తాళం. జూలై నాటికి హాజరు నూట నలుగురు. నేను సింహాచలం అప్పన్న భక్తుణ్ణని పలుమార్లు తెలియపరచినాను. "పర్నేదు బావా, తలుపు తియ్యి" అన్నారు.

5. జూలైలో పాస్టరు గారు గొంతుతో తిరిగివచ్చి, ఆగిపోయిన వాక్యమంతా ఒకే ఆదివారం చెప్పినారు. రెండున్నర గంటలు. మరుసటి వారం ఇరవైమంది వచ్చినారు. వారు కూడా ఆయన్ని కాక, తలుపు దగ్గరున్న నన్నే చూసినారు. ఇక మా సంఘకాపరి, అనగా పాస్టరు, పోలిరాజేనని కొందరు సంతకాలు చేసి తమకు పంపుటచే తమ మెమో వచ్చినది. "కాపలా వేరు, కాపరి వేరు. కొలువు పోతే ఏటి సేత్తావు?" అని నా భార్య సన్యాసమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడుట లేదు.

6. పాస్టరు గారి ఎదుట తలవంచుకొని నిలబడినాను. ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించినది. "రాసింది నేనండి, చేసింది మీరు. నా పక్కన కూర్చుని ఎలా చేశారో చెప్పండి" అని, మస్టరు పుస్తకం మొదటి పేజీ నుండి చదివినారు. పోతమ్మ పేరు దగ్గర చాలాసేపు ఆగినారు.

కావున నన్ను కాపరి పని నుండి విడుదల చేసి, కాపలా పనిలోనే ఉంచి, సదరు నూట నలుగురు పాస్టరు గారి మాట వినవలెననియు, పాస్టరు గారు అరగంట మించరాదనియు తమ సంతకముతో ఉత్తరువు ఇప్పించ ప్రార్థన. పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తాళంచెవితో సహా
తమ విధేయుడు,
పోలిరాజు

తా.క.: సీతమ్మధార నుండి రిక్షాలో వచ్చే తమ తల్లిగారు ఆదిలక్ష్మమ్మ గారు హాజరులో అరవై మూడవ పేరు. తమకు తెలుసుననుకొన్నాను. ఆమె అక్కడ చెప్పుకున్న కష్టం ఈ అర్జీలో రాయను. మూడు వారాలుగా రావడం లేదు. ఇంటికి వచ్చి కారణం అడగవలసియున్నది. తమరు ఇంట ఉండే వేళ తెలుపగలరు. పాస్టరు గారు కూడా వస్తారు. మాట్లాడనని ఒప్పుకున్నారు.