సమాధుల తోటలో తెల్ల దుప్పటి

నిడదవోలు

క్రిస్టినాకి,
మావయ్య జ్ఞానప్రకాశం ప్రభువు పేరిట దీవించి రాసేది. ఫోనులో మాట నా చెవికి ఆనదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. మన వీరాస్వామి రాజమండ్రి వచ్చినప్పుడు మసక చీకట్లో నిన్ను సమాధుల తోటలో చూశాడట. తెల్ల దుప్పటి, దీపం, చుట్టూ నలుగురు మనుషులు. పలకరించే ధైర్యం లేక బస్సెక్కేశాడు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నా చెల్లెలు సువార్తమ్మ పడుకున్న చోటది. మీ అమ్మ దగ్గర దీపాలు పెట్టి నువ్వు చేసే పనేంటి?
ఇట్లు, నిద్ర లేని మావయ్య.
తా.క. ఆ దుప్పటి ఎవరిది?

రాజమండ్రి

మావయ్య గారికి క్రిస్టినా వందనాలు.
భయపడకండి, అది సైన్సు పని. ఊళ్లో ప్రకృతి ఎంత మిగిలిందో మాలాంటి మామూలు జనమే చూసి, రాసి, శాస్త్రవేత్తలకి పంపుతాం. ఆఫీసు అవగానే వెళ్లి దుప్పటి కట్టి దీపం పెడతాం. చీకట్లో తిరిగేవన్నీ ఒక్కొక్కటే వచ్చి వాలతాయి. ఫోటో తీసి పేర్లు రాసుకుంటాం.
నా భయం వేరే ఉంది. తోట కమిటీవాళ్లు చెట్లు కొట్టించి అంతా సిమెంటు చేయిస్తారట. కాంట్రాక్టరు గంగాధర్ గారు అమ్మ పక్కనున్న పొగడచెట్టుకీ ఎర్ర గుర్తు వేయించారు. అక్కడ ఎన్ని ప్రాణాలున్నాయో చూపిస్తేనే ఆగుతారేమోనని నా ఆశ. రంపం చప్పుడు వినపడుతుందేమోనని రోజూ గేటు దగ్గర ఆగి చెవి పెడతాను.
మీ క్రిస్టినా.
తా.క. దుప్పటి మీరు పెట్టిందేనండి, కొత్తింటి ప్రార్థనకి. నిన్న మాకు పుర్రె దొరికింది. పట్టుకుంటే కీచుమని అరిచింది. మావాళ్ల సంతోషం మీరు చూడాలి.

నిడదవోలు

క్రిస్టినాకి,
నీ తా.క. చదివి మంచం ఎక్కాను. ఒక్కణ్ణే మోయలేక నీ ఉత్తరం సంఘ పెద్దలకి చూపించాను. పాస్టరు గారు రెండుసార్లు చదివి, "ఇది మన వల్ల అయ్యేది కాదండి" అన్నారు. జిరాక్సు తీయించి మీ తోట కమిటీకి పంపాం. వచ్చి వాలేవాళ్ల పేర్లు మాత్రం రాసుకోకమ్మా. పేరు తెలిసిందని వెనకాలే ఇంటికొస్తారు.
మావయ్య.
తా.క. మీ అమ్మ గాని వచ్చి వాలిందా? వస్తే దాచకు. భయమే గాని, బాగున్నావా అని అడగాలనుంది.

రాజమండ్రి

మావయ్య గారికి వందనాలు.
అది పురుగండి, ఫోటో కూడా పెడుతున్నాను. వీపు మీద పుర్రె మచ్చ ఉన్న, సీతాకోకచిలుక లాంటి పెద్ద చిమ్మెట. పట్టుకుంటే కీచుమంటుంది. అమ్మ రాలేదు మావయ్యా. వస్తే ముందు మీకే రాసేదాన్ని.
కానీ మీ జిరాక్సు ఊరంతా తిరిగింది. గంగాధర్ గారి మనుషులు రంపాలతో వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. "లోపల పుర్రె అరుస్తుందంటండి, మేం రాం" అన్నారు. అబద్ధం ఎందుకని నేనే వెళ్లి, "పుర్రె కాదండి, పురుగండి" అన్నాను. గంగాధర్ గారు తెల్లబోయి, "పురుగైపోయిందాండి?" అని రంపాలు ఆటోలో వేయించుకుని వెళ్లిపోయారు.
మేం ఇచ్చిన పురుగుల లెక్కలు కమిటీలో ఒక్కరూ తెరవలేదు. ఆదివారం మీటింగు పెట్టి మిమ్మల్ని పిలుస్తున్నారు. మీరు పురుగని చెబితే చెట్లు పోతాయి. చెప్పకపోతే నేను మంత్రగత్తెనవుతాను. నన్నయితే లోపలికి రానివ్వరట.
మీ క్రిస్టినా.
తా.క. మా బృందంలో ఇద్దరు రావడం మానేశారు. వాళ్లకి అది పురుగని తెలుసు. అయినా భయమేస్తోందట.

నిడదవోలు

క్రిస్టినాకి,
మీటింగుకి వెళ్లొచ్చాను. వాళ్ల మాటలు వీరాస్వామి నా చెవిలో అరిచి చెప్పాడు. దేవుని బిడ్డలం, అబద్ధమాడలేను. పురుగేనని చెప్పి, నువ్వు పంపిన ఫోటో చూపించాను. ప్రెసిడెంటు గారు ఊపిరి పీల్చుకుని, "అయితే రేపే కొట్టించేద్దామండి" అన్నారు.
సువార్తమ్మ మీద నీడ పోతుందనుకున్నాను. లేచి నిలబడి, నాకున్న భయమే వాళ్లకీ చెప్పాను. "కొట్టించండి. కానీ ఇవి వెలుగుకి వచ్చే పురుగులండి. చెట్లు పోతే ఎక్కడికి పోతాయి? మీ ఇళ్లల్లో లైట్ల దగ్గరికే కదా" అన్నాను.
అందరూ తలెత్తి లైటు వైపు చూశారు. తర్వాత నీ లెక్కలు తెప్పించారు. పుర్రె మచ్చవి ఎన్నున్నాయో చూడాలని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. చెట్ల మీద చెయ్యి వేయకూడదని తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టారు. పొగడచెట్టు చుట్టూ మట్టి కూడా పోయిస్తారట, పురుగులకి అక్కడే సుఖంగా ఉండాలని.
ఇట్లు, మావయ్య.
తా.క. అవి నిడదవోలు దాకా ఎగరగలవా? వెంటనే రాయి. లైట్లార్పి, కిటికీలు మూసి కూర్చున్నాను.