పెంకుటింటికి పేరు ఇవ్వాలా

పెనుకొండ,
ఏప్రిల్ 1959

చిరంజీవి ఓబులేసుకు, అన్న తిప్పన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాము. అవ్వ దగ్గు కూడా తగ్గింది.

హిందూపురం మండీ పని చాలించి వచ్చాక వేరు కాపురానికి ఇల్లు కావాలన్నావు కదా. నిన్న బ్లాకు ఆఫీసరు మన వీధికి వచ్చాడు. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకు సర్కారు తక్కువ వడ్డీకి అప్పు, సగం ధరకు బెంగుళూరు పెంకులు ఇస్తుందని చెప్పి, ఇష్టమున్నవాళ్లను చెయ్యెత్తమన్నాడు. వీధంతా చెయ్యెత్తింది. తర్వాత ఇంటి బొమ్మ చూపించాడు. రెండు పక్కలా వాలిన కప్పు. పొరుగింటి పుట్టమ్మ దాన్ని తేరిపార చూసి, “ఏమప్పా, దీనిమింద శెనక్కాయలు ఎట్ల ఎండబోయల్ల? ఎండాకాలం యాడ పండుకోవల్ల?” అని అడిగింది. ఆడవాళ్ల చేతులు దిగిపోయాయి, వాళ్లను చూసి మగవాళ్లవీ దిగాయి. మన ఇళ్లలాగా చదును కప్పు మట్టి మిద్దెకైతే సాయం లేదట. ఫకీర్ సాబ్ ఒక్కడే చెయ్యి దించలేదు. కారే మిద్దె కింద గిన్నెలు పెట్టీ పెట్టీ విసిగిపోయాడు పాపం. నీ తరఫున ఎత్తిన చేతిని దించాలో వద్దో తెలియక నేను సగంలో పెట్టుకుని నిలబడ్డాను.

మన దొడ్డి స్థలం చాలుతుంది. శనివారంలోగా పేరు ఇవ్వాలి. నీ భార్యను కూడా అడిగి వెంటనే జాబు రాయి. నా గొడుగు నీ దగ్గరే ఉందా? వచ్చేటప్పుడు మంచి చింతపండు తీసుకురా.

అవ్వ దీవెన ఆమె మాటల్లోనే రాస్తున్నాను: “పెంకులిల్లే కట్టుకోమను నాయనా. ఎండాకాలం రాత్రికి ఇద్దరినీ ఈడికే, మన మిద్దెమిందికే రమ్మను. నిచ్చెన తీయనులే.”