శనివారం టీమ్‌కి నేనే శకునం

కమ్మింగ్, జార్జియా
గురువారం

తమ్ముడు సూర్యానికి,

అక్క పద్మావతి మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, లావణ్య, అల్లుడు ప్రసాద్ కులాసా. అక్కడ నువ్వు, రత్నం, పెళ్ళికొడుకు కిరణ్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? పెళ్ళిపనులని కనిగిరికీ ఒంగోలుకీ బస్సుల్లో తిరక్కు, కారు మాట్లాడుకో. రోజూ వాట్సాప్‌లో చూసుకుంటూ ఈ కాగితం ఏమిటి అనుకుంటావేమో. వీడియో కాల్ చేస్తే నీ వెనక నలుగురు తొంగిచూస్తారు. ఇది నీతో ఒక్కడితో చెప్పాల్సిన మాట. పక్కవీధి సుబ్బారావుగారు కొడుకు దగ్గర ఆరు నెలలుండి ఒంగోలు వెళ్తున్నారు, ఆయన చేతికిచ్చి పంపిస్తున్నాను. తిరిగి వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చింతకాయ పచ్చడి పంపించు. ఇక్కడ సీసాల్లో దొరికేది పుల్లగా ఉంటుందే గాని చింతకాయలా ఉండదు.

మొన్న ఫోన్లో రత్నం ఎంతో ప్రేమగా అంది, "పెళ్ళిలో నీకు ఏ ఇబ్బందీ ఉండదు వదినా, వెనక గదిలో ఏసీ పెట్టించాం, హాయిగా పడుకోవచ్చు" అని. సరే అన్నాను. దాని అర్థం నాకు తెలుసు, రత్నానికీ తెలుసు. కిరణ్ పెళ్ళికొడుకై ఇంట్లోంచి తరలి వెళ్ళేటప్పుడు నేను ఎదురు పడకూడదు. రత్నాన్ని తప్పు పట్టడం లేదు. మీ బావ పోయినప్పటి నుంచి ఎవరూ చెప్పకుండానే నేనే తప్పుకుంటున్నాను. ఇక్కడికొచ్చాక కూడా అంతే. పొద్దున ప్రసాద్ ఆఫీసుకి బయలుదేరుతుంటే నా గదిలోనే ఉండి, గరాజ్ తలుపు మూసుకున్న చప్పుడు విన్నాకే కాఫీకి బయటికి వస్తాను. పాపం అతనికి ఈ సంగతే తెలియదు. అత్తగారు ఆలస్యంగా లేస్తారని అనుకుంటున్నాడు.

సరే, ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు నా సంగతులు.

గ్రీన్ కార్డ్ వచ్చాక ఇంట్లో ఊరికే కూర్చోలేక స్కూల్ క్యాంటీన్‌లో చేరానని చెప్పాను కదా. తలకి వల, చేతులకి గ్లోవ్స్ పెట్టుకుని పిల్లల ట్రేల్లో తిండి పెడతాను. గుడ్డు కూడా ముట్టని నేను కోడి ముక్కలు వడ్డిస్తున్నాను, చూస్తే నువ్వు నవ్వుతావు. మొదటివారం ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఇప్పుడు అలవాటైంది. పిల్లలు నన్ను "మిస్ పద్మా" అంటారు. ఇక్కడ పెద్దవాళ్ళని పేరు ముందు మిస్ పెట్టి పిలవడం మర్యాద. సెప్టెంబర్‌లో మన ఊరి ఎండే కాసింది, ఇప్పుడు పొద్దున్నే స్వెట్టర్ కావాలి. స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. లావణ్య రాత్రి దాకా మీటింగులంటుంది. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒకటే వినిపించే మధ్యాహ్నాలు ఉండేవి. ఉండేవి అని ఎందుకన్నానంటే, ఇప్పుడు నాకు ఫుట్‌బాల్ ఉంది.

నవ్వకు. మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు ఇది. పట్టుకుని పరిగెత్తేది. మా క్యాంటీన్‌కి పెద్ద డెనీస్ అని ఒకావిడ ఉంది, నా ఈడుదే, నాకంటే మూరెడు ఎత్తు. వాళ్ళాయన పేరు రే, ఏసీలు రిపేరు చేస్తాడు. ఇద్దరికీ ఆ ఆటంటే ప్రాణం. ఆగస్టు చివర్లో ఒకరోజు ట్రేలు కడుగుతుంటే డెనీస్ అంది, "శనివారం మా గరాజ్‌కి రండి మిస్ పద్మా. టీవీ పెట్టాం, కుర్చీలున్నాయి, మీరు ఒంటరిగా ఉండకండి." నా మొహం చూసే కనిపెట్టిందేమో.

ఉత్తచేతులతో ఎలా వెళ్తాను? గారెలు వేసుకుని వెళ్ళాను. ప్రసాద్ దింపాడు. నేను గరాజ్‌లో అడుగుపెట్టేసరికి అందరూ ఊపిరి బిగబట్టి టీవీ చూస్తున్నారు. ఆట అప్పుడే మొదలవుతోందని నాకేం తెలుసు? గారెల పళ్ళెం పట్టుకుని తిన్నగా వాళ్ళకి ఎదురుగా, టీవీ ముందు నుంచి నడిచాను. అదే క్షణంలో అవతలివాళ్ళు బంతి తన్నారు, ఆట మొదలుపెట్టేటప్పుడు మాత్రం తన్నుతారు. మన జార్జియా పిల్లాడొకడు దాన్ని పట్టుకుని ఇటు చివర నుంచి అటు చివర దాకా పరిగెత్తాడు. ఒక్కడు కూడా అతన్ని తాకలేకపోయాడు. గరాజ్ అదిరిపోయింది. ఆ తరవాత అందరూ నా వైపు తిరిగారు.

మొదలయ్యేచోట ఎదురొచ్చాను, ఏదో తప్పు జరిగిందనుకున్నాను. వెనక్కి తిరగబోయాను. రే లేచి రెండు చేతులూ చాపి, "కదలొద్దు. ఎక్కడున్నారో అక్కడే ఉండండి మేడమ్" అన్నాడు. కుర్చీ తెచ్చి నేను నిలబడ్డచోటే వేశాడు. ఆ రోజు టీమ్ గెలిచింది. గారెలు కూడా అయిపోయాయి.

అప్పటి నుంచి ప్రతి శనివారం అదే తంతు. బంతి తన్నే ముందు నేను పళ్ళెంతో వంటింటి తలుపులోంచి ఎదురుగా నడిచి రావాలి. గారెలే కానక్కర్లేదు, పకోడీలైనా పరవాలేదు, మనిషి మాత్రం నేనే కావాలి. నేను ఆలస్యమైతే డెనీస్ ఫోన్ చేస్తుంది, "ఆట మొదలైపోతోంది, ఎక్కడున్నారు?" అని. ఒక శనివారం రే స్నేహితులతో స్టేడియానికి బయలుదేరాడు. వ్యాన్ రోడ్డు మీదికి తీసి ఆపి, అద్దం దించి, "మిస్ పద్మా, కొంచెం ఎదురుగా నడిచి వస్తారా, ప్లీజ్" అన్నాడు. నడిచాను తమ్ముడూ. ఆరేళ్ళుగా ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

ఆట ఏమిటో కొంచెం చెబుతాను. పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు. పది గజాలంటే మన అరుగు నుంచి గేటు దాకా, అంతే. దానికోసం ఏనుగుల్లాంటి పిల్లలు ఒకరిమీద ఒకరు పడిపోతారు. పడ్డవాణ్ణి అవతలి టీమ్ వాడే చెయ్యిచ్చి లేపుతాడు. లేచి మళ్ళీ ఆ పది గజాల కోసమే. నాకు అది ఎంత చూసినా తనివి తీరదు. ఇక్కడ రెండు టీమ్‌లున్నాయి. శనివారం ఆడేది కాలేజీ పిల్లల టీమ్. సోమవారం క్లాసులో కూర్చునే పిల్లలే. రాష్ట్రమంతా వాళ్ళని కన్నబిడ్డల్లా చూసుకుంటుంది. ఆదివారం ఆడేది అట్లాంటాలో జీతాలు తీసుకునే పెద్దవాళ్ళ టీమ్. శనివారం టీమ్‌ని ప్రేమిస్తారు, ఆదివారం టీమ్‌ని భరిస్తారు. రే ఆదివారం పూట టీవీని తిట్టే తిట్లు మన నాన్న కరెంటు వాళ్ళని తిట్టినట్టే ఉంటాయి. అయినా ఒక్క వారం మానడు.

నాకు లోపల ఒకటి పీకుతూనే ఉండేది, నా సంగతి వీళ్ళకి తెలియక మోసపోతున్నారేమోనని. ఒకరోజు క్యాంటీన్‌లో డెనీస్‌కి చెప్పేశాను. భర్త పోయిన ఆడది ఎదురొస్తే మా వైపు వెళ్ళేపని చెడుతుందంటారు, నేను ఎప్పుడూ లోపలే ఉండిపోతాను అని. ఆమె నవ్వలేదు. వాళ్ళ నమ్మకాలు వాళ్ళకీ ఉన్నాయిగా, రే ఆట రోజు వేసుకునే సాక్స్ సీజన్ అంతా ఉతకనివ్వడు. ఒకటే అడిగింది.

"మీరు లోపల కూర్చున్నప్పుడు మీవాళ్ళు గెలిచారా?"

నువ్వు బోరు వేయించడానికి బయలుదేరిన రోజు గుర్తుందా? నేను పెరట్లో ఉన్నాను. చుక్క నీళ్ళు పడలేదు. కిరణ్ బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు వంటింట్లో తలుపు వేసుకున్నాను. వాడికి రాలేదు. రత్నం వాళ్ళమ్మగారు, నిండు ముత్తైదువ, పళ్ళు పట్టుకుని ఎదురొచ్చారు కూడా. ఇది ఎత్తిపొడుపు కాదు. డెనీస్ అడిగేదాకా నాకు ఆ లెక్కే తట్టలేదు.

కిందటి శనివారం నన్ను స్టేడియానికి తీసుకెళ్ళారు. ఏమని రాయను? ఊరు ఊరంతా ఎర్రచొక్కాలే. పార్కింగ్‌లో పొద్దున్నే డేరాలు వేసి పొయ్యిలు వెలిగించారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని పిలిచి పెడుతున్నారు. ఒక డేరాలో వేరుశెనక్కాయలు ఉడకబెడుతున్నారు, అచ్చం మనం చేను దగ్గర ఉడకబెట్టుకున్నట్టే, ఉప్పేసి. ఆ వాసనకి నాకు కళ్ళు తిరిగినంత పనైంది. లోపలికి పారదర్శకంగా ఉండే సంచులే రానిస్తారట. పులిహోర పెట్టుకున్న నా స్టీలు డబ్బా చూసి గేటు దగ్గర ఆపేశారు. వెనక్కొచ్చి అదంతా ఆ వేరుశెనక్కాయల డేరాలోనే పంచేశాను. వాళ్ళు ఒక పొట్లం కాయలు నా చేతిలో పెట్టారు.

లోపల మెట్లెక్కి చూశాను. తమ్ముడూ, మనుషులతో కట్టిన కొండ అది. తల తిప్పిన వైపల్లా మనుషులే. అందులో నాకు వింతగా అనిపించింది అరుపులు కాదు. అవతలివాళ్ళ చేతిలో బంతి ఉంటే చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. మన పిల్లల చేతికి రాగానే అంతమందీ గప్‌చుప్. వాళ్ళ మాటలు వాళ్ళకి వినబడాలని. అంతమంది ఒకరి మేలుకోసం నోరు మూసుకోవడం నేనెక్కడా చూడలేదు. ఆటలో నాలుగోది, చివరి భాగం మొదలయ్యేముందు అందరూ నాలుగు వేళ్ళు పైకెత్తి నిలబడ్డారు. నేనూ ఎత్తాను. పక్కన ఎవరో ముసలాయన నా చెయ్యి ఇంకొంచెం పైకి ఎత్తించాడు.

బంతి తన్నేముందు రే నన్ను మెట్ల దగ్గర ఉంచి, వేరుశెనక్కాయలతో ఎదురుగా నడిపించాడు కూడా. ఏదీ తక్కువ చెయ్యలేదు.

ఓడిపోయారు. చివర్లో మన పిల్లాడు తన్నిన బంతి రెండు స్తంభాల మధ్య నుంచి పోవాల్సింది, జానెడు పక్క నుంచి పోయింది. ఆ కొండంతా ఒక్కసారి కూర్చుండిపోయింది.

నేను వేరుశెనక్కాయల పొట్లం మూతి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. పూర్తయిందనుకున్నాను. ఇన్నాళ్ళూ దాక్కున్న దోషం ఇంతమంది ముందు బయటపడింది. ఇంక నన్ను పిలవరు, సోమవారం క్యాంటీన్‌లో డెనీస్ మొహం ఎలా చూడాలి అని కారు వెనకసీట్లో ముడుచుకు కూర్చున్నాను. చాలా దూరం వచ్చాక రే స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి అన్నాడు.

"నాకు తెలుసు. నువ్వు నా సాక్స్ ఉతికేశావు."

"కంపు కొడుతున్నాయి, రే" అంది డెనీస్.

"సీజన్ మధ్యలో ఉతుకుతారా ఎవరైనా?"

దారి పొడుగునా ఆ సాక్స్ గురించే పోట్లాడుకున్నారు. నా పేరు ఎవరి నోటా రాలేదు. ఇంటి ముందు దింపుతూ డెనీస్ వెనక్కి తిరిగి, "రేపు ఒంటిగంటకి మిస్ పద్మా. ఆదివారం వాళ్ళకి మీ అవసరం ఇంకా ఎక్కువ" అంది. తల ఊపి దిగాను. ఇంట్లోకి వెళ్ళి ఏడ్చాను. మీ బావ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు, అప్పుడు వచ్చినవాళ్ళకి కాఫీలు చూసుకోవడంతోనే సరిపోయింది.

సోమవారం పొద్దున గరాజ్ తలుపు చప్పుడు కోసం ఆగలేదు. ముందే వెళ్ళి కారుకి ఎదురుగా నిలబడ్డాను. ప్రసాద్ అద్దం దించి, "ఏమైనా కావాలా అత్తయ్యా?" అన్నాడు. "ఏం లేదు బాబూ, వెళ్ళిరా" అన్నాను. వెళ్ళాడు. ఆ రోజంతా నేను ఎన్నిసార్లు గడియారం చూశానో నాకే తెలుసు. సాయంత్రం మామూలుగానే వచ్చాడు. షూ విప్పుతూ, ఇవాళ ట్రాఫిక్ తక్కువగా ఉందన్నాడు. ఆ మర్నాటి నుంచి ఇవాళ్టి దాకా రోజూ నిలబడ్డాను. ఇప్పుడు అతనే నేను కనబడేదాకా కారు తియ్యడం లేదు.

ఇదీ తమ్ముడూ నీతో చెప్పాల్సిన మాట. కిరణ్ పుట్టినప్పుడు వాణ్ణి ముందు చేతుల్లోకి తీసుకున్నది నేను. వాడి మేనత్తని. వాడు పెళ్ళికొడుకై గుమ్మం దిగేటప్పుడు నేను ఎదురుగా నడిచి వస్తాను. ఏసీ గది ఉక్కపోసే వాళ్ళెవరికైనా ఇవ్వమను. రత్నానికి ఈ కాగితం చూపించు, దాచకు. బాధపడితే నేను వచ్చాక తనతో కూర్చుని మాట్లాడతాను. నీకే ఇష్టం లేకపోతే ఆ సంగతి నువ్వే రాయి, వాట్సాప్‌లో రత్నంతో చెప్పించకు. అప్పుడు నేను ఇక్కడి నుంచే అక్షింతలు వేస్తాను. వచ్చి మాత్రం లోపల కూర్చోను.

మళ్ళీ చెబుతున్నాను, మోకాలు జాగ్రత్త. పక్కింటి పిన్నిగారికి, బాబాయిగారికి నా నమస్కారాలు. కిరణ్‌కి, రాబోయే కోడలికి నా ముద్దులు. పెళ్ళిలో ఏదైనా చిన్న పొరపాటు జరిగితే మాత్రం నా వైపు చూడకండి, ముందు ఎవరి సాక్స్ ఎవరు ఉతికారో కనుక్కోండి.

ఇట్లు,
పళ్ళెం నిండా గారెలతో నీ కొడుక్కి ఎదురొచ్చే
మీ అక్క
పద్మావతి