గేలరీ మీద నెత్తళ్ళు

దాలయ్య బావకి,

నువ్వు సముద్రం మీద వేటలో ఉంటే ఫోను అందట్లేదు. అందుకే నువ్వున్న గుజరాత్ వేరావల్‌కి వస్తన్న నాగబాబు సేతికి ఈ ఉత్తరం ఇస్తన్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

సేపలెండబెట్టే మన ఇసక జాగా ఎవుళ్ళకీ ఇవ్వొద్దని సెప్పి ఎల్లావు. నేను ఇచ్చేసాను బావా. మన కళింగపట్నంలో బీచ్ వాలీబాల్ ప్రపంచ పోటీలు, మూడ్రోజులే, పాతిక దేశాలొస్తాయని ఆఫీసర్లు బతిమాలారు.

వచ్చినవి ఆరు దేశాలు. పున్నమి పోటు వస్తాది, కోర్టు కాస్త పైకి గీయండంటే ఇన్లేదు. రెండోనాటికి సగం కోర్టు నీళ్ళలో ఉంది. పోస్టర్ల మీద తేదీ తప్పేసారు, ఇంక జనం ఏటొస్తారు? ఐదువేల మందికని కట్టిన గేలరీలో కాపలా పోలీసులే కూకున్నారు.

ఆ రోజే మన పడవలకి నెత్తళ్ళు తెగ పడ్డాయి. ఎండబెట్టడానికి జాగా లేదు. కుళ్ళిపోతాయని లక్ష్మణమ్మత్త ఒకటే ఏడుపు. అందుకని గేలరీలో ఖాళీ బల్లల మీద పరిసేసాం. ఓడిపోయిన దేశం ఆడపిల్లలు మాతో కూకుని కాకుల్ని తోలారు.

ఆఖరినాడు పెద్దాఫీసరు కారు దిగి, దూరం నుంచి సూసి, "గేలరీ నిండిపోయిందే" అని మురిసిపోయాడు. దగ్గరికొచ్చాక ముక్కు మూసుకున్నాడు.

నాగబాబు సంచీలో నీకూ కొన్ని పంపాను. నమిలి సూడు, ఇసక తగిలితే అప్పుడు తిట్టు.

వచ్చే ఏడూ జాగా ఇమ్మంటన్నారు. సరేనను బావా. ఈసారీ జనం రాకూడదని గంగమ్మ తల్లికి మొక్కేసుకున్నాను.

నీ మరదలు